పశువు ఈసుకుపోయిన ఇంట మోకాలి వాపు



నేను వ్యవసాయశాఖ మనిషిని. వరి, గోగు, మొక్కజొన్న, చెరకు సంగతులు చెప్పవలసినవాణ్ణి. మోకాలి జబ్బు గురించి వీడికేం పని అని మీరు అనుకోవచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అందువల్ల ఏం జరిగిందో ముందు చెబుతాను, తరువాత జబ్బు సంగతికి వద్దాం.

గజపతినగరం అవతల ఒక పల్లెలో నాకు తెలిసిన రైతు ఒకాయన వున్నాడు. రెండెకరాల మెట్ట, ఎకరం పల్లం, రెండు గేదెలు. అందులో ఒకటి సంతలో కొన్న చూడిగేదె. అది ఏడో నెలలో ఈసుకుపోయింది. మాయ పడలేదు. ఆయన తానే చేయి వేసి లాగాడు. ఆ చేతికి అంతకు రెండురోజుల ముందే కొడవలి తెగిన గాయం వుంది. మరునాడు నేను మొక్కజొన్నలో కత్తెర పురుగు చూడడానికి ఆ వూరు వెళ్ళాను. "గేదె ఈసుకుపోనాది బాబూ, ఎవుల దిష్టో తగిలీసింది" అన్నాడు. "పశువుల డాక్టరుకు చూపించు మావా" అని ఒక్క మాట అనేసి చేను వైపు నడిచాను. గుడ్డ చుట్టిన ఆ చేయి నా కళ్ళ ముందే వుంది. అది నా శాఖ పని కాదనుకున్నాను.

నెల దాటేసరికి ఆయనకు జ్వరం మొదలైంది. పగలంతా బాగానే వుండేవాడు. పొద్దు వాలితే వొళ్ళు కాలేది, రాత్రి చెమటకు పక్కబట్టలు తడిసిపోయేవి, తెల్లారితే మళ్ళీ మామూలే. పదిరోజులు వచ్చి, కొన్నాళ్ళు తగ్గి, మళ్ళీ వచ్చేది. ఆ తరువాత కుడి మోకాలు వాచింది. ఒకరు వాతమన్నారు. ఒకరు బోదకాలన్నారు. ఒకచోట మోకాట్లోకే సూదిమందు వేశారు. రెండువారాలు హాయిగా వుండి, తరువాత వాపు రెండింతలైంది. ఎనిమిది నెలలు, ఒక పంట, ఒక ఎడ్ల జత పోయినాయి. చివరికి ఒక పెద్దాసుపత్రిలో చిన్నవయసు డాక్టరమ్మ మోకాలు ముట్టుకోకముందే ఒక ప్రశ్న అడిగింది. "మీ ఇంట్లో పశువులున్నాయా? ఏదైనా ఈసుకుపోయిందా?" అంతవరకు ఆయనను ఎవరూ అడగని ప్రశ్న అది. ఆయనకూ చెప్పాలని తోచలేదు. మోకాలికీ గేదెకూ సంబంధం వుందని ఎవరికి తోస్తుంది?

సంబంధం వున్నది. ఆ జబ్బు పేరు బ్రూసెల్లోసిస్. ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలు, పందులు చూడి నిలవక ఈసుకుపోవడానికి ముఖ్యమైన కారణాలలో ఇది ఒకటి. బ్రూసెల్లా అనే సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. 1887లో మాల్టా ద్వీపంలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు, జ్వరంతో చనిపోయిన సిపాయిల ప్లీహంలో ఈ క్రిమిని కనుగొన్నాడు. ఆయన పేరే దానికి పెట్టారు. అయితే సిపాయిలకు అది ఎక్కడినుంచి వస్తున్నదో చాలా ఏళ్ళు అంతు చిక్కలేదు. 1905లో అదే ద్వీపానికి చెందిన జమ్మిత్ అనే డాక్టరు మేకల నెత్తురు పరీక్ష చేసి చూస్తే, చూడడానికి నిక్షేపంగా వున్న మేకలలోనే ఆ జబ్బు బయటపడింది. మరుసటి యేడు సైన్యానికి పచ్చి మేకపాలు ఆపివేయగానే జ్వరాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఆవులలో ఈసుకుపోయే రోగాన్ని తెచ్చే క్రిమిని 1897లో డెన్మార్కులో బాంగ్ అనే పశువైద్యుడు వేరుగా కనిపెట్టాడు. ఈ రెండూ దగ్గరి చుట్టాలని తరువాత తేలింది.

ఇది ఎక్కడో దీవుల సంగతి కాదు. మనకు పొరుగున కర్ణాటకలో, బిజాపూరు వైద్యులు 16 ఏళ్ళలో తాము చూసిన 495 మంది పెద్దవాళ్ళ కేసులను 2006లో ప్రచురించారు. అంతమంది అక్కడ బయటపడడానికి కారణం, అక్కడివారు పట్టుబట్టి వెదకడమే. వెదకనిచోట ఈ జబ్బు వాతమనో, టైఫాయిడనో, మలేరియా అనో పేరు మార్చుకుని తిరుగుతుంది.

మనిషికి ఎలా వస్తుంది? ఈసుకుపోయిన పిండంలో, మాయలో, ఉమ్మనీటిలో ఈ క్రిములు లెక్కకు అందనన్ని వుంటాయి. చేతిమీద చిన్న గీరుడు వున్నా చాలు. కళ్ళలో తుంపర పడినా, ఆ తడి గాలితో లోపలికి పీల్చినా చాలు. రెండవ దారి పచ్చిపాలు. కాచిన పాలలో ఈ క్రిమి బతకదు. డెంగీ జ్వరానికి మేకపాలు పచ్చివే తాగాలని ఈమధ్య ఒక మాట పల్లెల్లో తిరుగుతున్నది. దయచేసి వినకండి. మేకలలో, గొర్రెలలో వుండే రకమే మనిషిని అన్నిటికన్నా గట్టిగా పట్టుకుంటుంది. ఒక మనిషినుంచి ఇంకొక మనిషికి అంటడం మాత్రం చాలా అరుదు. కాబట్టి జబ్బుపడ్డ మనిషి కంచం, పక్క వేరు చేయనక్కరలేదు.

లోపలికి పోయిన క్రిమి నెత్తురుతో పాటు తిరిగి కాలేయంలో, ప్లీహంలో, ఎముకల మూలుగలో దాగుతుంది. అక్కడినుంచి కీళ్ళలోకి దిగడం ఈ జబ్బులో తరచు జరిగేదే. పెద్దవాళ్ళలో నడుము, తుంటి వెనకనుండే కీలు ఎక్కువగా పట్టుకుంటాయి. పిల్లలలో తుంటి, మోకాలు. పెద్దవాళ్ళకూ మోకాలికి వస్తుంది, అదీ చాలాసార్లు ఒక్క మోకాలికే. రెండు మోకాళ్ళూ ఏళ్ళ తరబడి అరుగుతూ, మెట్లెక్కితే నొప్పిపుట్టే ముసలితనపు నొప్పి వేరు. బోదకాలు వాపు పాదం, పిక్క పట్టుకుని వుంటుంది. చికన్‌గున్యా అయితే ఒకేసారి చాలా కీళ్ళు పట్టుకుంటాయి. పశువులున్న ఇంట ఒక్క మోకాలు వాచి, దానికి ముందో వెంబడో వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి, ఆకలి మందగించడం, మగవారికైతే ఒక్కోసారి వృషణం వాపు కనబడితే, ఈ జబ్బును తలచుకోవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. మోకాలు ఒకటి రెండు రోజులలోనే ఎర్రగా వాచి, కదిపితే ప్రాణం పోయేటంత నొప్పి, పెద్ద జ్వరం వుంటే అది మామూలు చీముక్రిమి కావచ్చును. అప్పుడు ఈ ఆలోచనలేవీ పెట్టుకోకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి చేరండి. ఆ క్రిమి కొద్ది రోజులలోనే కీలును తినేస్తుంది.

ఆసుపత్రిలో ఏం చేస్తారో తెలిసివుంటే మీకు ధైర్యంగా వుంటుంది. వాచిన మోకాలినుంచి సూదితో నీరు తీస్తారు. చాలామంది భయపడి వద్దంటారు. వద్దనకండి, సగం రహస్యం ఆ నీటిలోనే వుంది. చీముక్రిమి అయితే అది చిక్కగా చీములా వస్తుంది. బ్రూసెల్లా అయితే చాలాసార్లు అంత చీము వుండదు. చిక్కేమంటే, క్షయ పట్టిన మోకాలి నీరు కూడా ఇంచుమించు ఇలాగే వుంటుంది. ఈ రెంటినీ కంటితో చూసి చెప్పలేరు. అందుకని ఆ నీటిని క్షయ పరీక్షకు కూడా పంపించాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ యంత్రపు పరీక్ష ఉచితం.

రక్తానికి రోజ్ బెంగాల్ అని ఒక పరీక్ష కలదు. మీ రక్తంలోని తేట ఒక చుక్క, గులాబీరంగు మందు ఒక చుక్క కలిపి 4 నిమిషాలు తిప్పుతారు. మందు విరిగిన పాలలాగా పలుకులు కట్టితే అనుమానం గట్టిపడుతుంది. చౌక పరీక్ష, త్వరగా అయిపోతుంది. అయితే ఎప్పుడో వచ్చి తగ్గినవారికీ, రోజూ పశువుల మధ్య పనిచేసేవారికీ జబ్బు లేకపోయినా పలుకులు కట్టవచ్చు. కాబట్టి దానితోనే తేల్చరు. తేటను పలచబరుస్తూ పోయి ఎంతవరకు పనిచేస్తున్నదో చూసే గొట్టం పరీక్ష చేస్తారు. జబ్బు గుర్తులున్న మనిషిలో 160 రెట్లు గాని, అంతకుమించి గాని పలచబరిచినా పలుకులు కట్టితే ఈ జబ్బేనని వైద్యులు ఎక్కువగా ఎంచుతారు. ఎలిసా పరీక్ష కూడా వుంది.

అన్నిటికన్నా గట్టి రుజువు, నెత్తురులో గాని మోకాలి నీటిలో గాని క్రిమిని పెంచి పట్టుకోవడం. తక్కిన క్రిములు ఒకటి రెండు రోజుల్లో పెరుగుతాయి. ఇది మహా నిదానం. కొత్త యంత్రాలలో తరచు వారంలో బయటపడుతుంది గాని, పాత పద్ధతిలో మూడు నాలుగు వారాలు కనిపెట్టుకుని వుండవలసిందే. బ్రూసెల్లా అనుమానమని ముందుగా చెప్పకపోతే నాలుగోరోజునే సీసా పారేసి, ఏమీ లేదని కాగితం ఇవ్వవచ్చు. చెప్పకపోతే ఇంకొక నష్టం వుంది. పరీక్షశాలలో పనిచేసేవారికి ఈ క్రిమి గాలి ద్వారా అంటుకుంటుంది. ఎక్స్‌రే మొదటి వారాలలో మామూలుగానే వుండవచ్చు. అది బాగుందని ధీమా పడకూడదు.

ఇన్ని పరీక్షలున్నా, మొదటి పరీక్ష మీ నోటిమాట. మోకాలు చూపించినప్పుడు, అడిగినా అడగకపోయినా ఈ నాలుగు ముక్కలు చెప్పండి: మా ఇంట పశువులున్నాయి, ఫలానా నెలలో ఒకటి ఈసుకుపోయింది, నేను ఒట్టి చేతులతో ముట్టుకున్నాను, పచ్చిపాలు తాగుతాము లేక తాగము. సిగ్గుపడవలసిన సంగతి ఏదీ ఇందులో లేదు.

ఇక వైద్యం. ఈ క్రిమి మన జీవకణాల లోపలే దాక్కుని వుంటుంది గనుక, ఒక్క మందుతో చావదు, నాలుగు రోజుల్లో చావదు. రెండు మందులు కలిపి, ఎక్కువకాలం వాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో సిఫారసు చేసిన పద్ధతులే ఇప్పటికీ ముఖ్యంగా నడుస్తున్నాయి. పెద్దవాళ్ళకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, 6 వారాలు. దానితోపాటు స్ట్రెప్టోమైసిన్ సూది రోజుకు 1 గ్రాము, 2 లేక 3 వారాలు. లేకపోతే సూదికి బదులు రిఫాంపిసిన్ 600 నుంచి 900 మిల్లీగ్రాములు రోజుకొకసారి, 6 వారాలు. కొందరు స్ట్రెప్టోమైసిన్‌కు బదులు జెంటామైసిన్ ఇస్తారు. కీళ్ళలోకి దిగిన జబ్బుకు చాలామంది వైద్యులు మందును 3 నెలలదాకా పొడిగిస్తారు. గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు మందులు వేరు. ఈ లెక్కలు మీరు దుకాణంలో కొనుక్కోవడానికి చెప్పడం లేదు. చీటీలో వారం మందే వుంటే "ఇది చాలుతుందా బాబూ?" అని అడగడానికి చెబుతున్నాను.

స్ట్రెప్టోమైసిన్, రిఫాంపిసిన్ రెండూ క్షయకు కూడా వాడే మందులే. క్షయ వున్న మోకాలికి బ్రూసెల్లా అనుకుని వీటిని అరకొరగా వాడితే, క్షయ కొంత తగ్గినట్టు కనబడి, ఆ మందుకు లొంగని క్షయగా తిరిగి లేస్తుంది. ముందు ఆ పరీక్ష చేయించమన్నది అందుకే. మోకాట్లోకి వేసే స్టిరాయిడు సూది సంగతీ అంతే. క్రిమి వున్న కీలులో దానిని వేస్తే నొప్పి చల్లారుతుంది, క్రిమి బలుస్తుంది. మన రైతుకు జరిగింది ఇదే.

ఉద్దానం వైపువారికి ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో మూత్రపిండాల జబ్బు ఎంత ఎక్కువో మీకు నేను చెప్పనక్కరలేదు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ సూదులు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. చెవులనూ దెబ్బతీస్తాయి. మోకాలి నొప్పికని దుకాణంలో కొని మింగే నొప్పిమాత్రలు కూడా మూత్రపిండాలకు శత్రువులే. ఏ సూదికైనా ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించమని అడగండి. పలాసలో 2023లో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రిలో గాని మరెక్కడైనా గాని వైద్యం పొందుతున్నవారు ఆ కాగితాలు వెంట తీసుకువెళ్ళండి.

మాత్రలు మింగేవారికి చిన్న చిన్న సంగతులు. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చునో నిలబడో మింగాలి. మింగి వెంటనే పడుకుంటే గొంతులో పుండు పడుతుంది. పాలతో కలిపి మింగవద్దు. ఆ మందు వాడేటప్పుడు ఎండకు చర్మం మాడుతుంది, నాట్లలోకి దిగితే తలకు, మెడకు తువ్వాలు వుండాలి. రిఫాంపిసిన్ పరగడుపున వేసుకోవాలి. మూత్రం, చెమట నారింజ రంగులోకి మారతాయి. నెత్తురు పోతున్నదని హడలిపోయి మందు ఆపినవారు వున్నారు. అది మందు రంగే. అయితే కళ్ళు పచ్చబడి, వాంతులైతే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. పిల్లలు కలగకుండా మాత్రలు వాడే ఆడవారికి, రిఫాంపిసిన్ వాడేటప్పుడు ఆ మాత్రలు సరిగా పనిచేయవు.

జ్వరం మొదటి వారం పది రోజుల్లోనే తగ్గిపోతుంది. మోకాలి వాపుకు వారాలు పడుతుంది. మనవాళ్ళు మందు మానేది సరిగ్గా ఈ మధ్యకాలంలోనే. జ్వరం పోయింది, కూలీ పోతున్నది, మాత్రలు వేడి చేస్తున్నాయి అంటారు. పూర్తిగా వాడినవారిలోనే నూటికి 5 నుంచి 15 మందికి జబ్బు తిరగబెడుతుంది. సగంలో మానినవారి సంగతి వేరే చెప్పాలా? వైద్యం ముగిసిన తరువాత కూడా ఏడాదిపాటు అప్పుడప్పుడు చూపించుకోవలెను.

వాపు వున్నన్నాళ్ళు మోకాలికి విశ్రాంతి కావాలి. నీరు మళ్ళీ చేరితే మళ్ళీ తీస్తారు. ఎముకలో చీముగూడు కట్టితేనే శస్త్రచికిత్స, అది అరుదు. వాపు దిగగానే కాలు చాపి కూర్చుని, మోకాలిని నేలకు అదిమి అయిదు లెక్కపెట్టి వదలడం రోజుకు కొన్నిసార్లు చేస్తే తొడకండ తిరిగి బలపడుతుంది. నాటువైద్యపు కట్లు, వాతలు వద్దు.

మనిషి సంగతి అయింది. సాలలో వున్న గేదె సంగతి ఏమిటి? కష్టమైన భాగం ఇదే.

ఈ జబ్బు పట్టిన పశువు చూడడానికి బాగానే వుంటుంది. చూడి కట్టిన అయిదో నెల దాటాక ఈసుకుపోతుంది, మాయ నిలిచిపోతుంది. పాతబడ్డ జబ్బులో కొన్ని పశువులకు కూడా ముందుకాళ్ళ మోకాళ్ళమీద నీటిబుడ్డలాగా వాపు వస్తుంది. దానిని కోసి నీరు తీయకండి. ఆ నీటిలోనూ క్రిమి వుంటుంది. ఒకసారి ఈసుకుపోయిన గేదె మరుసారి నెలలు నిండి ఈనవచ్చు. రోగం పోయిందని మనం సంతోషిస్తాము. కాని ఈనినప్పుడల్లా, పాలు పిండినప్పుడల్లా క్రిమి బయటకు వస్తూనే వుంటుంది. పశువుకు మందులతో దీనిని నయం చేయడం సాధ్యపడే పని కాదు.

అప్పుడు రైతుకు తోచే మొదటి ఆలోచన, సంతకు తోలేయడం. అలమండ, మానాపురం, నారాయణవలస సంతలలో ఎన్ని పశువులు చేతులు మారతాయో మీకు తెలుసు. అప్పుచేసి కొన్న గేదెను ఊరికే కట్టి మేపమంటే ఎవరికైనా కడుపు మండుతుంది. అలా అమ్మినవారిని నేను దొంగలనలేను. కాని దానిని కొనే మనిషి ఇంట్లోనూ చేయి వేసి మాయ తీసేవాడు ఒకడుంటాడు. మన రైతుకు ఆ గేదె వచ్చిన దారీ అదే కావచ్చు. నెత్తురు పరీక్షలో జబ్బు తేలిన పశువును వేరుగా కట్టి, ఈనే సమయంలో మరీ దూరంగా వుంచి, పాలు కాచి వాడుకుంటూ, పశువైద్యుని సలహా మీద నడవాలి. అంటురోగం అనుమానమైతే తెలియజేయవలసిన బాధ్యత 2009 నాటి పశురోగాల చట్టం ప్రకారం యజమానిదే. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్థక సహాయకునికి చెప్పినా, 1962 నంబరుకు ఫోను చేసినా సరిపోతుంది. గరివిడిలో పశువైద్య కళాశాల కూడా మనకు దగ్గరే.

ఈసుకుపోయిన పిండాన్ని, మాయను కుక్కలకు వదలక, లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. చేతి తొడుగులు లేకపోతే మందమైన ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టండి. ఆ చోట బ్లీచింగు నీళ్ళతో కడగండి. చల్లని నీడలో, తడిలో ఈ క్రిమి నెలల తరబడి బతుకుతుంది. ఎండకు త్వరగా చస్తుంది. సాల ఊడ్చేది మన ఇళ్ళలో ఎక్కువగా ఆడవాళ్ళే. గర్భిణిని ఆ పనికి పంపవద్దు.

టీకా వుంది. 4 నుంచి 8 నెలల వయసున్న ఆవు పెయ్యకు, గేదె పెయ్యకు జీవితంలో ఒక్కసారి వేస్తే చాలు. 2019లో మొదలైన జాతీయ పశురోగ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితంగా వేస్తున్నారు. మగదూడలకు, చూడి పశువులకు వేయరు. అది బతికున్న క్రిమితో చేసిన మందు గనుక, వేసేవారు సూది తమకు గుచ్చుకోకుండా, కంట్లో చిందకుండా కళ్ళద్దాలు, తొడుగులు వాడాలి. గుచ్చుకుంటే ఆ రోజే డాక్టరును చూడాలి. దూడను పట్టుకునే రైతు కూడా పక్కకు జరిగి నిలబడాలి.

తోటి ఉద్యోగులకు ఒక మనవి. ఈసుకుపోయిందని ఎవరైనా అంటే, ఆ ఇంటివారి చేతులు చూడండి. ఎవరు ముట్టుకున్నారో, తేదీ ఏమిటో మీ డైరీలో రాసుకుని, ఆరు నెలలపాటు ఆ ఇంట జ్వరం వచ్చిందేమో అడుగుతూ వుండండి. వస్తే ఆ తేదీ ఒక చీటీమీద రాసి, డాక్టరుకు చూపమని ఇవ్వండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను.

మన రైతు మూడు నెలలు మాత్రలు వాడాడు. వాపు పోయింది. నడుస్తాడు, గట్టుమీద సైకిలు తొక్కుతాడు. గొంతుకు కూర్చోవడం మాత్రం రాదు, కలుపు తీయడానికి చిన్న పీట వేసుకుంటాడు. రెండో గేదె నెత్తురు పరీక్షలో బాగానే వుంది. దానికి పుట్టిన పెయ్యకు అయిదో నెలలో టీకా వేయించి, చెవికి బిళ్ళ వేయించాడు.